దీనమ్మత్తయ్య పథ్యం

దీనమ్మత్తయ్య ఆదరణ కూడికకి రేపల్లె వెళ్ళాను. పాస్టరుగారు ఆవిడ ఓర్పు గురించి, సాత్వికం గురించి, ఎదుటివాళ్ళ మాటకి ఆవిడ ఇచ్చే విలువ గురించి చాలాసేపు మాట్లాడారు. ఎవరి గురించి చెబుతున్నారో అర్థం కాక నేను షామియానా కింద అటూ ఇటూ చూశాను. పక్క కుర్చీల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళలో సగం మందిని ఆవిడ బతికుండగా ఏదో ఒకనాడు ఏడిపించే ఉంటుంది, ఆ అలవాటు మీద ఏడుస్తున్నారనుకున్నాను. పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదని మా అమ్మ ఉంటే అనేది. మా అమ్మ లేదు, అందుకని రాస్తున్నాను. దీనమ్మత్తయ్య మా అమ్మకి స్వయానా అన్నగారి భార్య. పేరు పెట్టినవాళ్ళు తొందరపడ్డారు.

కూడిక అయ్యాక మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. ముందు గదులన్నిటికీ టైల్సు వేసి రంగులు మార్చారు గానీ వంటిల్లు మాత్రం ఆవిడ చేతిలో ఎలా ఉండేదో అలాగే ఉంది. గూట్లో రాచ్చిప్ప బోర్లించి ఉంది. గట్టు మీద నూనె డబ్బాకీ ఉప్పు జాడీకీ మధ్య ఒక గోధుమరంగు మందు సీసా కనిపించింది. దాని మీద అంటించిన కాగితం నూనె పీల్చి అద్దంలా అయిపోయింది. ‘బాగా కలిపి వాడవలెను’ అని సగం చెరిగిన అక్షరాలు. ఆ గుండ్రటి చేతిరాత నాదే. లోపల వేరుశనగ నూనె ఉంది. మూతకి చిల్లు పెట్టి, పెనం మీద చిలకరించుకోవడానికి వీలుగా చేసుకుంది. ఖాళీ సీసా పారేసే మనిషి కాదు మా అత్తయ్య. టానిక్కు సీసాలన్నీ ఆవిడ దగ్గర ఏదో ఒక కొలువు చేసేవి. సీసాని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అప్పటి రోజులు గుర్తొచ్చాయి, వాటితో పాటు అప్పటి కోపం కూడా ఏమాత్రం తగ్గకుండా వచ్చింది.

ఆ ఇంట్లో పథ్యమంటే చట్టం. జ్వరానికి పథ్యం, దగ్గుకి పథ్యం, కాలు బెణికితే పథ్యం, పిల్లలకి టీకా వేయిస్తే తల్లికి కూడా పథ్యం. డాక్టరు ఏ బిళ్ళ రాశాడన్నది అత్తయ్యకి అనవసరం. బిళ్ళ నోట్లో పడిందంటే ఆ మనిషి నూనె, నెయ్యి, పాలు, పెరుగు, గుడ్డు, చేప, రొయ్య, వంకాయ, గోంగూర అన్నీ మానాలి. మిగిలేవి పాత బియ్యం అన్నం, పోపు లేని బీరకాయ కూర, మిరియాల చారు. ఆ చారు రాచ్చిప్పలో విడిగా కాగేది. అది పొయ్యి ఎక్కిందంటే ఇంట్లో ఎవరికో శిక్ష పడిందని వీధి వీధంతటికీ వాసన బట్టి తెలిసిపోయేది. “మందు ఒంటపట్టాలంటే పేగు ఖాళీగా ఉండాలి” అనేది ఆవిడ సిద్ధాంతం. అది ఎక్కడ చదివిందని అడగడానికి లేదు, ఆవిడ బైబిలు తప్ప ఏమీ చదవలేదు, అందులో బీరకాయ లేదు. మా మామయ్య సమితి ఆఫీసులో గుమాస్తా. పదిమంది రైతుల మీద కేకలేసి ఇంటికొచ్చి, భార్య గీసిన గీత లోపల కూర్చుని చారు నీళ్ళు తాగేవాడు. ఆయనకి తలనొప్పి వస్తే బిళ్ళ వేసుకున్న సంగతి దాచిపెట్టి, ఆ మాత్రలు ఆఫీసు సొరుగులో ఉంచుకునేవాడని మాకందరికీ తెలుసు.

మా సుగుణ పిన్ని ఈ చట్టం కింద నలిగింది. పిన్ని అంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు, నాకంటే కొద్దిగా పెద్దది, ఇద్దరం స్నేహితుల్లా ఉండేవాళ్ళం. అమ్మమ్మా తాతయ్యా పోయాక రేపల్లెలో అన్నగారి పంచన పెరిగింది. మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకి సీటొచ్చినప్పుడు ఆ ఇంటి నుంచి బయటపడే దారి దొరికిందని ఇద్దరం తెనాలి స్టేషనులో బెంచీ మీద కూర్చుని పకపకా నవ్వుకున్నాం. రెండో ఏడు వానాకాలంలో దాని చేతులకి, మెడకి తామర పట్టుకుంది. ముంజేతుల నిండా చక్రాలు చక్రాలుగా ఎర్రటి మచ్చలు, వేళ్ళ సందుల్లో పొలుసులు. రోగుల్ని ముట్టుకునే చేతులు కనుక మేట్రనమ్మ ఇంటికి పంపేసింది. ఆవిడ తప్పేమీ లేదు. నయమైందని డాక్టరు రాసిన కాగితం తీసుకుని కొత్త బ్యాచ్ మొదలయ్యేలోపు వస్తే సరే, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని చెప్పింది. తెల్లచీరలు మడతపెట్టిన ట్రంకు పెట్టెతో పిన్ని మళ్ళీ రేపల్లెలో రైలు దిగింది. పెట్టె మంచం కింద పెట్టింది గానీ, విప్పలేదు. విప్పితే ఇక వెళ్ళనని ఒప్పుకున్నట్టేనని దాని భయం.

ఆ ఇంట్లో దానికి విడి కంచం, విడి గ్లాసు, విడి చాప వచ్చాయి. చాప వరండాలో. తువ్వాలు వేపచెట్టుకి కట్టిన తాడు మీద ఎక్కడో దూరంగా ఆరేది. ఇదంతా అంటురోగం కనుక కొంత సబబే అనుకోవచ్చు, కానీ మా వాళ్ళు జాగ్రత్తకీ అవమానానికీ మధ్య తేడా తెలిసిన మనుషులు కారు. మా చర్చిలో ప్రభువు బల్లకి, ద్రాక్షరసం తాగడానికి, అందరికీ ఒకటే పాత్ర. మొదటి ఆదివారం పిన్ని లేచి ముందుకి నడవబోతే వెనక వరసలో ఎవరో గట్టిగా దగ్గారు. అది మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ తర్వాత చేతులు కొంగులో దాచుకుని వెనక బెంచీలో కూర్చునేది, పాట పాడేటప్పుడు పాటల పుస్తకం కూడా పట్టుకునేది కాదు. శుభ్రత లేని పిల్ల అని ఒకరు, హాస్టల్లో ఎవరితో తిరిగిందో అని ఒకరు. ఆ మాటలన్న పెద్దమ్మలకి పాదాలు పాచి పట్టి ఉండేవి. చూస్తే ఒళ్ళు మండేది నాకు.

తెనాలిలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి నేనూ అదీ కలిసి వెళ్ళాం. మా నాన్న తెనాలిలో బడిపంతులు, మా ఇల్లు అక్కడే. డాక్టరు మాటలకి కూడా ఫీజు పడుతుందన్నట్టుండేవాడు. చేతులు చూశాడు, కాగితం మీద గీకాడు, “రోజూ బిళ్ళ, అన్నం తిన్నాక” అన్నాడు. బెల్లు కొట్టాడు. “ఏం తినాలండి?” అని పిన్ని అడిగితే, “అన్నం” అని తలుపు వంక చూశాడు. ఆ ఒక్క మాటని పట్టుకుని మేం రేపల్లె వెళ్ళాం. అత్తయ్య దాన్ని తన చట్టం ప్రకారం అర్థం చేసుకుంది. అన్నం అన్నాడు, కూర అనలేదు. ఆ సాయంత్రమే రాచ్చిప్ప పొయ్యి ఎక్కింది. వారాలు గడిచాయి. మచ్చలు అంగుళం కూడా వెనక్కి తగ్గలేదు, పైగా ఒకటి రెండు కొత్తవి మోచేయి దాటాయి. పిన్ని మాత్రం బీరకాయ తిని తిని చీపురుపుల్ల అయింది. బిళ్ళ పని చెయ్యకపోతే అత్తయ్య పథ్యం ఇంకొంచెం బిగించేది. ముందు చారులో కందికట్టు పోయింది, తర్వాత కూరలో కొబ్బరి పోయింది.

నేను అప్పుడు బాపట్లలో ఫార్మసీ చదువుతున్నాను. పెద్ద కాలేజీ ఏదో అనుకునేరు. ఒక అద్దె బంగళాలో పెట్టిన చిన్న కాలేజీ, ఎక్కువకాలం నడవలేదు. అక్కడ మా సార్ ఒకాయన ఉండేవారు, పరిశోధన ఆయన ప్రాణం. నీళ్ళలో కరగని మందుల్ని కరిగించడం ఆయన పని. చెప్పాలంటే అది మంచి పనే. బిళ్ళ మింగితే సరిపోదు, అది పేగులో కరగాలి. కరగనిది రక్తంలోకి రాదు, మింగింది మింగినట్టే మర్నాడు పొద్దున బయటికి పోతుంది. అలాంటి మందుల్లో పేరుమోసినది గ్రిసియోఫుల్విన్, తామరకిచ్చే మందు. పుస్తకాలన్నీ ముందు దాని పేరే చెబుతాయి కనుక సార్ దాన్నే పట్టుకున్నారు. మా పిన్ని మింగుతున్నదీ అదే. సార్ దాన్ని యూరియాతో నూరించేవారు, మైనంలాంటి పదార్థంలో కరిగించి గడ్డకట్టించి మళ్ళీ పొడి చేయించేవారు. ఒక గాజు పాత్రలో ఒంటి వేడికి సరిపడా వెచ్చటి నీళ్ళు, ఆ నీళ్ళలో గిరగిర తిరిగే తీగ బుట్ట, బుట్టలో ఆ పొడి. ఎంతసేపటికి ఎంత కరిగిందో లెక్కగట్టి గ్రాఫు గీయాలి. గీత పైకి వెళితే సార్ మొహం వెలిగేది. సముద్రం గాలికి ఆ పొడి వారం తిరక్కుండానే చెమ్మెక్కి జిగురుజిగురుగా అయ్యేది, మొదట్లో కరిగినంత కరిగేది కాదు. అప్పుడు సార్ సీసా మూత సరిగా పెట్టలేదని ఆడపిల్లల్ని తిట్టేవారు. బాపట్లలో సముద్రం ఉందన్న సంగతి ఆయన పరిశోధనలో ఎక్కడా రాయలేదు.

ఒకరోజు క్లాసులో ఆయన పసుపెక్కిన పాత నోట్సు చూసి డిక్టేషన్ చెబుతున్నారు. గ్రిసియోఫుల్విన్ రంగు, రుచి, మోతాదు, నిలవ ఉంచే పద్ధతి. అన్నీ ఒకే గొంతుతో చదువుతూ, అదే గొంతుతో, “కొవ్వు ఉన్న ఆహారంతో తీసుకున్న యెడల బాగుగా గ్రహింపబడును” అని చదివి కింది మందుకి వెళ్ళిపోయారు. నా కలం ఆగిపోయింది. నీళ్ళంటే పడని మందు కొవ్వుతో కలిసి లోపలికి పోతుంది. గుడ్డో నెయ్యో ఇంత నూనె కూరో తింటే పేగులో పైత్యరసం ఊరుతుంది, ఆ రసంలో మందు కరుగుతుంది. మరి మా పిన్ని? చుక్క నూనె లేకుండా, చప్పిడి కూడు తిని, దాని మీద ఆ బిళ్ళ వేసుకుంటోంది. మా వాళ్ళు మందుని పస్తు పెడుతున్నారు. క్లాసు అయ్యాక సార్ వెనకాల పరిగెత్తాను.

“సార్, మా పిన్ని ఈ మందే వాడుతోంది సార్. ఇంట్లో పథ్యమని నూనె పెట్టట్లేదు. అందుకే తగ్గట్లేదంటారా?” అని అడిగాను.

“పేషెంట్ల సంగతి డాక్టర్లు చూసుకుంటారమ్మా. మనది ఫార్ములేషన్, మందు తయారీ వరకే. నీ నాలుగో శాంపిల్ రీడింగ్ వచ్చిందా?” అన్నారాయన.

ఆ ఒక్క ప్రశ్నతో ఆయన మీద నాకున్న గౌరవం కాస్తా పోయింది, తర్వాత మళ్ళీ రాలేదు. తన చేతిలోని మందు ఏనాడైనా ఒక మనిషి కడుపులోకి వెళుతుందని ఆయనకి తోచలేదు. ఆయనకి కడుపంటే గాజు పాత్ర.

ఆ ఆదివారమే రేపల్లె రైలెక్కాను. బాపట్ల నుంచి తెనాలి ఒక బండి, తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరు ఇంకో బండి. దారంతా ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. చర్చి నుంచి రాగానే అత్తయ్య రొయ్యల ఇగురు పెట్టింది, ఇల్లంతా ఆ వాసన. వరండాలో పిన్ని ముందు బీరకాయ. నేను వెళ్ళి నోట్సులో ఉన్నది చదివి వినిపించాను.

“ఏంటీ? తామరకి నూనె తినమంటావా?” అంది అత్తయ్య.

“నేను కాదత్తయ్యా, పుస్తకంలో ఉంది. ఈ బిళ్ళకి కొవ్వు కావాలి. గుడ్డు పెట్టు, లేకపోతే నెయ్యి వెయ్యి. నెల తిరక్కుండా తగ్గుద్ది.”

“పుస్తకం రాసినోడు వచ్చి గోకుతాడా దాని చేతులు? నూనె తింటే చీము పట్టుద్ది. మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది.”

“వాళ్ళ కాలంలో ఈ బిళ్ళ లేదు.”

“బిళ్ళ లేకపోతే ఒళ్ళు లేదా? చదువుకుని తెలివి పెరుగుద్దనుకుంటే ఉన్నది పోయిందే నీకు. డాక్టరమ్మా, ముందు నువ్వు తిను, రొయ్యలు చల్లారిపోతున్నాయి.”

మామయ్య వంక చూశాను. ఆయన రొయ్య తల ఒలుచుకుంటున్నాడు. పిన్ని వంక చూశాను. అది తలెత్తలేదు. బయటికొచ్చాక చాటుగా, “గుడ్డు నేను తెచ్చిపెడతాను, ఎక్కడైనా తిను” అన్నాను. “ఆ ఇంట్లో ఉండేది నేను, నువ్వు కాదు. తెలిసిందంటే ట్రంకు పెట్టెతో సహా రోడ్డు మీద పెట్టుద్ది. ఎక్కడికి పోనే?” అంది. దాని గొంతులో కోపం కూడా లేదు. కొత్త బ్యాచ్ ఇంకెంతో దూరంలో లేదు. అది సీటు మీద ఆశ వదిలేసుకుంటోందని నాకు తెలిసిపోయింది. తిరుగు రైల్లో నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు అసహ్యం వేసింది. ఒక మూర్ఖురాలి నోటి మాటకీ, ఒక పండితుడి గాజు పాత్రకీ మధ్య ఒక పిల్ల బతుకు పాడవుతోంది, పాడుచేస్తున్న ఇద్దరూ హాయిగా భోంచేస్తున్నారు.

అత్తయ్య నూనె పెట్టదు. కానీ మందు పెడుతుంది. గోధుమరంగు సీసాలో వచ్చి, ఇంగ్లీషులో పేరున్నది ఏదైనా సరే, ఆవిడకి అది దేవుడి మాట తర్వాతది. ఈ సంగతి తట్టగానే నాకు నవ్వొచ్చింది. మొదటి ఏడాది పిల్లలందరూ చేసే ప్రాక్టికల్ ఒకటుంది, ఎమల్షన్ అంటారు. కల్వంలో తుమ్మబంక పొడి వేసి, నూనె పోసి, కొద్దిగా నీళ్ళు కలిపి ఒకే వైపు గబగబా నూరాలి. నూరగా నూరగా చిటచిటమని చప్పుడు వచ్చి, నూనె కాస్తా పాలలాగా తెల్లబడుతుంది. తర్వాత నీళ్ళు కొద్దికొద్దిగా పోసుకుంటూ పలచన చేసుకోవాలి. నూనే, నీళ్ళే, కానీ విడిపోవు. దాల్చినచెక్క నీళ్ళు కలిపాను, చక్కెర వేశాను, ల్యాబులో ఉన్న గులాబీ రంగు ఒక చుక్క వేశాను. సీసాలో పోసి కాగితం అంటించాను. బాపట్ల బజార్లో కొన్న వేరుశనగ నూనె, చూస్తే పిల్లల టానిక్కులా ముద్దొస్తోంది.

మొదటి సీసా తెనాలి దాటలేదు. ప్యాసింజరు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని సంచీలోంచి తీసి చూస్తే, పైన పసుపుపచ్చటి నూనె, కింద గులాబీ నీళ్ళు, మధ్యలో బంక ముద్దలు. ఎండకీ రైలు కుదుపులకీ విరిగిపోయింది. అసలు తప్పు నాదే, నీళ్ళు తొందరపడి ముందే పోశాను. స్టేషను పంపు దగ్గర పారబోసి ఉత్త చేతులతో ఇంటికి పోయాను. ఒక వారం వృథా. సార్ నిలవగుణం గురించి చెప్పిన పాఠాలు అప్పుడు మొదటిసారి శ్రద్ధగా చదివాను. పరీక్ష కోసం చదివినప్పుడు ఎక్కనిది, అత్తయ్య కంట పడతానన్న భయానికి ఇట్టే ఎక్కింది. బంక ఎక్కువ వేశాను, చెయ్యి పడిపోయేదాకా నూరాను, సీసా చుట్టూ తడిగుడ్డ చుట్టాను. రెండోది రేపల్లె దాకా పాలలాగే వచ్చింది.

“ఇది కాలేజీలో కొత్తగా కనిపెట్టిన మందు. బిళ్ళతో పాటు వెయ్యాలి. రోజూ అన్నం తిన్నాక రెండు పెద్ద చెంచాలు, ఒక్కపూట కూడా తప్పకూడదు” అన్నాను.

అత్తయ్య సీసాని వెలుతురుకి పెట్టి చూసింది. “పథ్యం ఏమన్నా ఉందా దీనికి?” అని అడిగింది.

“మీరు పెట్టేదే సరిపోద్దండి” అన్నాను, లోపల నవ్వుకుంటూ. మామూలుగా ఆవిడని నేను ‘అండి’ అనను. ఆ రోజు ఎందుకో నోటికి వచ్చింది.

ఆ తర్వాత ఆవిడ ఆ మందు తాగించిన క్రమశిక్షణ చూడాలి. పిన్ని కంచం ముందు నుంచి లేవకముందే సీసా ఊపి, చెంచాలోకి వంచి, గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడేది. బీరకాయ బీరకాయే, చారు చారే. వాటి మీద నా వేరుశనగ నూనె. నేను ఆదివారం గడప తొక్కగానే “సీసా తెచ్చావా?” అని అడిగేది, మంచినీళ్ళు కూడా ఆ తర్వాతే. ఒకసారి పరీక్షలుండి రెండు వారాలకి సరిపడా ఒకేసారి చేసిచ్చాను. నేను వెళ్ళేసరికి సీసా నా చేతిలో పెట్టి, “ఈ మందు కనరెక్కింది. తాజాగా చేసుకురా, బద్ధకించకు” అంది. కనరెక్కేది నూనె కదా, పట్టేసిందేమోనని భయపడ్డాను. తర్వాత ఆవిడ మీద జాలేసింది. పాచిపోయిన పప్పుకీ పులిసిన పాలకీ కూడా అదే మాట వాడే మనిషిలే అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ, పైవారం తాజాగా చేసుకొచ్చాను.

మచ్చలు అంచుల నుంచి వాడడం మొదలుపెట్టాయి. ఎరుపు గోధుమరంగయింది, గోధుమరంగు చర్మంలో కలిసిపోయింది. తెనాలి డాక్టరు మళ్ళీ చేతులు చూశాడు, మళ్ళీ గీకాడు. ఈసారి కాగితం మీద నయమైందని ఉంది. కొత్త బ్యాచ్‌కి గడువు దాటకముందే పిన్ని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆదివారం పాత్రకి నోరు ఆనించి లేచి, రెండు చేతులూ చాపుకుని నడిచొచ్చింది. అంతకు ముందు దగ్గిన పెద్దమ్మే ఆ చేతులు పట్టుకుని, “మీ వదిన పథ్యం గట్టిదమ్మా” అంది. అత్తయ్య కాదనలేదు. అప్పట్నుంచి చుట్టుపక్కల ఎవరికి తామర వచ్చినా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. సార్‌కి జరిగింది చెప్తే అంతా విని, “ఎమల్షన్‌లో నావెల్టీ ఏముందమ్మా?” అన్నారు. నా రికార్డులో ఆ పేజీ దగ్గర ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. తర్వాత్తర్వాత ఆయనకి శాలువాలు కప్పారు, దండలేశారు. ఆయన చేసిన పొడుల్లో ఒక్కటి కూడా బిళ్ళగా మారి ఒక్క మనిషి నోట్లో పడలేదు.

నేనూ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కరగని మందుల్ని కరిగించే పద్ధతులు ఎన్నో వచ్చాయి, మా పిల్లలు వాటి పేర్లు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. రోగి ఏం తింటున్నాడని మాత్రం వాళ్ళూ అడగరు. బాపట్లలో మా కాలేజీ ఉన్నచోట ఫంక్షన్ హాలు వచ్చింది. పథ్యం ఎక్కడికీ పోలేదు, ఫోన్లోకి మారిందంతే. మా వీధిలో ఒకాయన ఫోన్లో చూసి నెల రోజులుగా కొవ్వు మానేసి, విటమిన్ డి బిళ్ళ మంచినీళ్ళతో వేసుకుంటున్నాడు. అది కూడా కొవ్వు లేనిదే సరిగా ఒంటపట్టదు. నేను చెప్పాను. అప్పట్లో అత్తయ్య చూసినట్టే చూశాడు నన్ను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే. మూర్ఖులకి నిజం చెప్పి లాభం లేదు, రంగు వేసి సీసాలో పోసి ఇవ్వాలి. ఆ పాఠం దీనమ్మత్తయ్య మీదే నేర్చుకున్నాను. ఆవిడ ఎన్ని మాటలన్నా, నా పెళ్ళిలో ఎంత రచ్చ చేసినా, పోన్లే, నీ చేతే పిన్నికి నూనె తాగించినదాన్ని అనుకుని ఓర్చుకున్నాను.

సీసా పట్టుకుని అలా నిలబడి ఉండగా సుగుణ పిన్ని వంటింట్లోకి వచ్చింది. హెడ్ నర్సుగా చేసి రిటైరయింది, జుట్టు నెరిసింది, చేతులు మాత్రం ఇప్పటికీ నున్నగా ఉంటాయి. ఇన్నాళ్ళూ దానికి కూడా నేను అసలు సంగతి చెప్పలేదు. అత్తయ్య బతికుండగా దాని నోట జారుతుందేమోనని భయం.

“పిన్నీ, ఇదేంటో గుర్తుందా? నీ గులాబీ మందు. అందులో ఏముండేదో ఇప్పుడు చెబుతాను విను” అన్నాను.

“వేరుశనగ నూనె” అంది పిన్ని.

“నీకెప్పుడు తెలిసింది? ట్రైనింగులోనా?”

“మొదటిరోజే. వదినే చెప్పింది. నువ్వు అటు రైలెక్కావో లేదో మూత తీసి వాసన చూసింది, అరచేతిలో ఒక చుక్క వేసుకుని రుద్దింది. ‘వేరుశనగ నూనెకి దాల్చినచెక్క కొట్టి నా దగ్గరికే తెచ్చింది, పుట్టిన దగ్గర్నుంచి పొయ్యి దగ్గర ఉన్నదాన్ని నేను’ అంది. పారబోసుద్దని నేను వణికిపోయాను.”

“మరి ఎందుకు పారబోయలేదు?”

“‘నీ చేతులు చూస్తే నాకు ముద్ద దిగట్లేదే’ అంది నాతో. ‘నా నోటితో నూనె వద్దన్నాను, ఊరంతటికీ తెలుసు, ఇప్పుడు నేనే ఎట్లా తినమంటాను, సీసాలో వచ్చింది కాబట్టి ఇది మందే, తాగు’ అంది. తర్వాత వీధిలో ఎవరు వచ్చినా వాళ్ళకీ ఇదే ఇచ్చింది. నూనె అని చెప్పకుండా, ఈ సీసాలోంచే. బిళ్ళ వేసుకున్నాక నా మందు రెండు చెంచాలు తాగాలి అనేది.”

“నాకెందుకు చెప్పలేదు మీరిద్దరూ?”

“చెప్పొద్దంది. ‘నన్ను మోసం చేశాననుకుంటేనే ఆ పిల్ల ప్రతి ఆదివారం పరిగెత్తుకొచ్చుద్ది. గెలిచాననుకోనీ’ అంది.”

నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. కనరెక్కిందని ఆవిడ సీసా చేతిలో పెట్టినప్పుడు నేను జాలిపడ్డాను. ఇన్నేళ్ళూ ఆ జాలి మీదే బతికాను. ఆవిడని ఓర్చుకోవడానికి నా దగ్గరున్న ఆ ఒక్క గెలుపూ ఆవిడ దయతలచి ఇచ్చిందేనా? పోయేముందు ఒక్కసారైనా నా మొహాన కొట్టినట్టు చెప్పి ఉంటే ఇద్దరం తనివితీరా పోట్లాడుకునేవాళ్ళం కదా. ఆ అవకాశం కూడా లేకుండా చేసి వెళ్ళి పడుకుంది. పిన్ని రాచ్చిప్ప తనకి కావాలని తీసుకుంది. నేను ఆ సీసాని నూనెతో సహా సంచీలో పెట్టుకుని బయటికొచ్చాను.

గేటు దగ్గర పాస్టరుగారు కనబడి, నా చెయ్యి పట్టుకుని, “మీ అత్తయ్యగారు చాలా సాత్వికురాలండి” అన్నారు.

“కాదండి, మహా టక్కరి మనిషి” అన్నాను. ఆ రోజంతా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.